ఎదుగుడు సూది

ఏసీ అనేది కనిపెట్టినవాడెవడో గానీ వాడికి ముసలితనంలో దుప్పటి దొరక్కుండా పోను అని తిట్టుకున్నాడు వీరబాబు, శాలువాని చెవులమీదకి లాక్కుంటూ. బయట రోహిణీకార్తె ఎండ నిప్పులు చెరుగుతోంది, ఎర్ర వంతెన దగ్గర తారు మెత్తబడి ఆటో చక్రాలకి అంటుకుంటోంది, అమలాపురం జనమంతా నీడ కనబడితే చాలు దూరిపోతున్నారు, ఇక్కడ ఈ డాక్టరమ్మ హాల్లో కూచున్నవాళ్ళందరూ ప్రాణం లేచొచ్చినట్టు వెనక్కి వాలి కూచున్నారు, తనొక్కడే స్వెట్టరూ దానిమీద శాలువా కప్పుకుని పళ్ళు బిగబట్టుకుని ఉన్నాడు. ఎదురు కుర్చీలో ఒకాయన అదే పనిగా చూస్తున్నాడు. చూస్తే చూడనీ. పిచ్చివాడనుకుంటే అనుకోనీ. పక్కన లక్ష్మీతులసి, ఇరవై ఏళ్ళ పైచిలుకు తనతో కాపురం చేసిన మనిషి, చేసిందా అసలు, అందులో ముప్పాతిక కువైట్‌లోనే కదా గడిచింది, కొంగుతో మెడ తుడుచుకుంటూ గోడమీది టీవీ చూస్తోంది. ఈ కుర్చీలు ఎంచింది ఆవిడే. సరిగ్గా ఏసీ కింద. ఇంకెక్కడా ఖాళీ లేదండీ అంది. నిజంగా లేదా? ఆ మూలన ఒకటి ఖాళీగా ఉన్నట్టు తనకి గుర్తు, తీరా తిరిగి చూసేసరికి ఎవరో ముసలమ్మ కూచుని ఉంది, అప్పుడే వచ్చిందో, మొదట్నుంచీ ఉందో. గుర్తు అనేదాన్ని ఈమధ్య నమ్ముకోడానికి లేదు. అలాగని ఆవిణ్ణి నమ్ముకోడానికీ లేదు.

లోపలికి పిలవగానే చెప్పెయ్యాలి. ఓడలరేవు నుంచి ఆటోలో వస్తూ దారి పొడుగునా ఆ మాటే నమిలేడు. డాక్టరమ్మ గారూ, నా భార్య సూదిమందు పేరు చెప్పి నాకు నీళ్ళు పొడుస్తోందండి. అంతే, ఒక్క వాక్యం. ఒకప్పుడైతే అలాంటివి వెయ్యి వాక్యాలు గుక్క తిప్పుకోకుండా చెప్పిన నోరు. ఇప్పుడు ఆ ఒక్కటీ నాలికమీద తడిసిన గోనెసంచిలా బరువుగా పడుంది. చెప్పేక తులసి మొహం ఎలా మారుతుందో చూడాలి, దొంగతనం బయటపడ్డవాళ్ళ మొహంలో ముందు కళ్ళు కదులుతాయంటారు. డాక్టరమ్మ సాక్షి. సాయంత్రం ఇంటి దగ్గర రాఘవులు బావ సాక్షి. తులసికి సొంత అన్నయ్య, పెద్దమనిషి, నలుగురిలో మాట చెల్లేవాడు. నిన్న సంత దగ్గర పట్టుకుని చెప్పేశాడు తను, బావా, నీ చెల్లెల్ని నీ ఇంటికి తీసుకుపో, రేపు సాయంత్రం ఇంకో ఇద్దరు పెద్దల్ని వెంటబెట్టుకుని రా, అందరి ముందూ చెబుతాను కారణం అని.  బావ తల అలా ఊపుతూ చాలాసేపు తన మొహంలోకి చూశాడు. అన్నాచెల్లెళ్ళిద్దరూ ఒకటేనేమో. ఆ తల ఎవరి వైపు ఊపేడో ఇప్పటికీ అర్థం కాలేదు. తులసికి మాత్రం ఇదేమీ తెలీదు, తెలిస్తే పొద్దున్నే లేచి తన స్వెట్టరు ఎండలో వేడిచేసి తెచ్చి ఇచ్చేదా. లేకపోతే తెలిసే ఇచ్చిందా.

మైకు వీరబాబంటే అల్లవరం మండలంలో తెలీనివాడు లేడు. ఆటో మీద రెండు లౌడ్‌స్పీకరు కొమ్ములు కట్టుకుని, ఒక చేత్తో హ్యాండిలు, ఒక చేత్తో మైకు, గ్రామ ప్రజలకు ముఖ్య గమనిక అని అందుకుంటే ఇళ్ళల్లో పప్పు కలిపే ఆడవాళ్ళు కూడా చెయ్యి ఆపి వినేవారు. చేపల వేట నిషేధం, కరెంటు కోత, పోలియో చుక్కలు, ఫలానా వారి పెద్దకర్మ, తుఫాను హెచ్చరిక, కొత్త బట్టల షాపు, అన్నిటికీ అదే గొంతు, చావుకి ఒక రకంగా, బట్టలకి ఒక రకంగా వంపు తిప్పుకుంటూ. ఒకరోజు కొమరగిరిపట్నం రోడ్డులో ఎడం పక్కనుంచి గేదె వస్తుంటే కనబడలేదు. గేదె. అంత గేదె. కళ్ళ డాక్టరు దగ్గరకెళితే పక్క చూపు రెండు వైపులా పోయిందన్నారు, తలకి స్కానింగ్ తీస్తే మెదడు అడుగున శనగగింజంత గ్రంథి ఉంటుందట, దాని మీద ఉసిరికాయంత గడ్డ. విశాఖపట్నంలో ముక్కులోంచి తీసేరు. చూపు తిరిగొచ్చింది గానీ ఆ గ్రంథి పనిచెయ్యడం దాదాపు మానేసిందన్నారు. ఒంట్లో ఉన్న గ్రంథులన్నిటికీ అదేనట మేస్త్రి. మేస్త్రి మంచాన పడ్డాడు, ఇక కూలీల పని ఎలా ఉంటుందో చూసుకోండి. పొద్దున్నే ఒక మాత్ర అప్పట్నుంచీ వేసుకుంటున్నాడు. అయినా ఒంట్లో సత్తువ లేదు, పొట్ట పెరిగింది, కొమ్ము ఎత్తి ఆటో మీద పెట్టాలంటే మోకాళ్ళు వణికేవి. అప్పుడు ఇచ్చేరు ఈ గ్రోత్ హార్మోన్ సూది.

గ్రోత్ అంటే ఎదుగుదల కదా, ఈ వయసులో ఇంకా ఎంత ఎదుగుతావు వీరబాబూ, కొబ్బరిచెట్టంత అయ్యేక కాయలు దింపడానికి రమ్మంటావా అని టీ కొట్టు దగ్గర ఎంత ఆడించేరో. ఎదుగుడు సూది అని పేరు కూడా పెట్టేరు. జిమ్ముకెళ్ళే కుర్రాళ్ళిద్దరు ఏకంగా ఇంటికొచ్చి, బాబాయ్, అది మాక్కూడా కొంచెం సర్దుతారా అని అడిగేరు, కండలు పెరుగుతాయంట. ఆస్పత్రివాళ్ళు ఎవరో దాతల సంస్థ తరఫున ఊరికే ఇస్తున్నారు. అక్కడే మొదలవ్వాల్సింది అనుమానం. ఊరికే ఎవరిస్తారు ఈ రోజుల్లో. వాళ్ళు కొత్త మందులేవో ఇలాంటి బీదాబిక్కీ మీద పొడిచి చూస్తున్నారేమో. కానీ మొదటి పెట్టె పనిచేసింది, కాదనడానికి లేదు. ఆరంభంలో ఒళ్ళు తేలికయ్యింది, కొమ్ము ఒంటి చేత్తో ఎత్తేడు, వేలికున్న రాగి ఉంగరం కూడా కొంచెం బిగిసింది. తులసి నవ్వి, చూసేరా ఎదుగుతున్నారు అంది. తరవాతే ఏదో జరిగింది. రెండో పెట్టె వచ్చేక జరిగింది. పొద్దున్న లేవలేకపోవడం, లేచినా మంచం పట్టె మీద అలాగే కూచుండిపోవడం, విరేచనం కాకపోవడం, కళ్ళ కింద ఉబ్బు, చర్మం ఎండు మట్టలా గరుకు, ఈ చలి, ఎండాకాలంలో ఈ దిక్కుమాలిన చలి. అన్నిటికంటే గొంతు. మైకు పట్టుకుని గ్రామ ప్రజలకు అనేసరికి లోపల ఎవరో ముసలాడు మాట్లాడుతున్నట్టు బొంగురుగా, సాగదీసుకుంటూ వచ్చింది. ఊళ్ళోవాళ్ళు బ్యాటరీ డౌనయ్యిందనుకున్నారు. మొదటి పెట్టె మందు, రెండో పెట్టె నీళ్ళు. ఇంతకంటే లెక్క ఏముంది ఇందులో.

ఆ లెక్క కూడా తను కల్పించుకున్నది కాదు, ఆవిడ నోటితో చెప్పిందే. కువైట్‌లో ఆవిడ చూసుకున్న ముసలి మేడంకి షుగరు, రోజూ ఇన్సులిన్ పొడవడం ఆవిడ పని, అందుకే చెయ్యి అంత తేలిక, సూది దిగినట్టే ఉండదు. ఒకసారి ఫోన్లో చెప్పింది, పక్క బిల్డింగులో ఎవరో పనిమనిషి యజమాని మందు సీసాలో నీళ్ళు నింపిందంట, మందు ఊరికి పంపించుకునేదంట, ముసలాయన ఆస్పత్రి పాలయ్యేదాకా ఎవరికీ తెలీలేదంట అని. చెబుతూ అయ్యో పాపం అంది. ఎవరికి పాపం, ముసలాయనకా, దొరికిపోయినదానికా. అప్పుడు అడగలేదు. అప్పుడు అడగాల్సినవి వేరే ఉండేవి. ఆ వెనక తలుపు ఎవరిది, ఫోను తిప్పి గోడ చూపించు, ఇటు గోడ కూడా చూపించు, ఇందాక దగ్గినదెవరు, మగ దగ్గులా ఉందే. ఆవిడ మాట్లాడకుండా ఫోను తిప్పి చూపించేది, గోడ, బీరువా, కిటికీ, మంచం, మంచం కింద కూడా. సరే, అదంతా పాత సంగతి, మగవాళ్ళందరూ అడుగుతారు, పెళ్ళాం ఎడారి దేశంలో ఉంటే ఏ మొగుడైనా అడుగుతాడు, ఇప్పుడు దాని గొడవ ఎందుకు. ఇప్పటి సంగతి వేరు. ఇప్పుడు నిదర్శనం ఉంది.

నిదర్శనం అంటే, అదే, మనిషన్నాక కొంచెం తెలివి వాడాలి కదా. సూదిమందు ఫ్రిజ్ తలుపులో ఉంటుంది, గోంగూర పచ్చడి సీసా పక్కన. ఒకరోజు పెట్టె మూత మీద, తెరిస్తే ఊడేలాగ ఆవిడ బొట్టు స్టిక్కరు ఒకటి అతికించేడు. మర్నాడు చూస్తే స్టిక్కరు అతికించినట్టే ఉంది. ఆహా, ఎవరూ ముట్టుకోలేదు అనుకోబోయాడు, అప్పుడు తట్టింది, అలాంటి స్టిక్కర్లు ఆవిడ దగ్గర అట్టకి అట్టే ఉంది, ఊడదీసి కొత్తది అతికిస్తే తనకేం తెలుస్తుంది. ఇంకోరోజు మందు ఒక చుక్క అరిటాకు మీద వేసి చీమలు వస్తాయా అని కూచుని చూశాడు. చీమలు రాలేదు. రాకపోతే నీళ్ళనా మందనా, అది మాత్రం ఆలోచించుకోలేదు ముందు. చివరికి ఊళ్ళో ల్యాబ్‌కి వెళ్ళి రక్తం ఇచ్చాడు, విశాఖ డాక్టరు ఫోన్లో థైరాయిడ్ పరీక్ష చేయించమన్నాడు కదా అని. ల్యాబ్ అతను నవ్వేడు, మగోళ్ళకి థైరాయిడ్ ఏంటండి వీరబాబు గారూ, అది ఆడోళ్ళ రోగం, మా ఆవిడకీ ఉంది, టీఎస్‌హెచ్ ఒక్కటి చూస్తే చాలండి, అందరికీ అదే చేస్తాం అని. టీఎస్‌హెచ్ నార్మల్. ఎంత నార్మల్ అంటే ల్యాబ్ అతను దాని చుట్టూ గుండ్రంగా గీత కూడా గీసిచ్చాడు. ఆ మాట విని తనకి కాళ్ళ కింద నేల కదిలింది. ఒంట్లో రోగం ఏమీ లేదు. మరి రోగం లేని ఒంటికి ఈ జబ్బు ఎక్కణ్ణుంచి వచ్చినట్టు. మందులోంచి. మందు ఎవరి చేతుల్లో ఉంది. అంతే కదా. మండపేటలో ఉన్న కూతురు గాయత్రికి చెబితే, నాన్నా, అమ్మ అలా చేస్తుందా, నీ నోటికి ఎలా వచ్చింది ఆ మాట అని ఫోన్ పెట్టేసింది. తల్లి ఏం నూరిపోసిందో.

ఫోను మోగింది. తులసిది. ఆవిడ తెర చూసుకుని తన వైపోసారి చూసి లేచి బయటికి నడిచింది. గాజు తలుపు అవతల నిలబడి మాట్లాడుతోంది, గొంతు వినబడటం లేదు గానీ ఆ పెదాలు తెలుగు ఆడటం లేదని తెలుస్తూనే ఉంది, గొంతులోంచి లాగుతూ మాట్లాడే ఆ అరబ్బీ. ఇరవై ఏళ్ళు ఊరి నిండా మాటలు పంచిన తనకి పెళ్ళాం మాట్లాడే భాషలో ఒక్క ముక్క రాదు. ఇంట్లో కూడా అంతే, అరుగు మీద కూచుని మాట్లాడుతుంది, పకపకా నవ్వుతుంది, తను వెళితే నవ్వు తగ్గుతుంది. తగ్గుతుందా, తను అలా అనుకుంటున్నాడా. ముసలి మేడం కూతురంట, మళ్ళీ రమ్మంటోందంట, ఈసారి ఆ పిల్ల ఇంట్లోనే పని. ఆ కబురు ఆవిడ తనకి చెప్పలేదు, ఆవిడ ఫోనులో గాయత్రికి పెట్టిన మెసేజీలో, వీసా మాటతో సహా, తనే చూశాడు. ఆవిడ దాచింది. సరే, తను అడగలేదు, అయినా చెప్పొచ్చు కదా. అందుకేనన్నమాట. మొగుడు మంచాన పడితే పనికిరాడు, పనికిరాని మొగుణ్ణి వదిలి వెళితే ఊళ్ళో ఎవరూ తప్పు పట్టరు, పైగా, పాపం, సంపాదించి వైద్యం చేయిస్తోంది అంటారు. మరి గడ్డ బయటపడ్డ రోజున మేడం కాళ్ళు పట్టుకుని, ఒప్పుకున్న పని గడువు ఇంకా ఉండగానే వదిలేసుకుని విమానం ఎక్కి ఎందుకొచ్చింది. విశాఖ ఆస్పత్రిలో ముక్కులో దూది పెట్టుకుని నోటితో గాలి పీలుస్తుంటే ఎన్ని పూటలు స్పూనుతో మజ్జిగ పోసింది. అదీ నిజమే. అదీ నిజమే కాబట్టి ఇంకా భయమేస్తుంది. అంత చెయ్యగలిగిన మనిషి ఏదైనా చెయ్యగలదు.

వీధిలో ఏదో ఆటో వెళుతోంది, మైకు. పాత ఇనుప సామాన్లు, పాత బీరువాలు, పనిచెయ్యని ఫ్యాన్లు, మోటార్లు మంచి ధరకు కొనబడును. వీరబాబు తల ఎత్తాడు. ఆ గొంతు తనదే. ఎప్పుడో మెమరీ కార్డులో చదివి ఇచ్చినది, వాడెవడో ఇంకా ఊరూరా తిప్పుకుంటున్నాడు. కొనబడును దగ్గర ఆ చిన్న విరుపు తన కనిపెట్టుడే. ఎంత నిండుగా ఉందో. పట్టు బట్ట ఝాడించినట్టు. హాల్లో ఎవరూ తల తిప్పలేదు, ఎదురుగా కూచున్న శాలువా మనిషిదే ఆ గొంతు అని ఎవరనుకుంటారు. ఆటో దూరమయ్యేదాకా విన్నాడు. ఏడుపొచ్చింది. నిజంగానే వచ్చింది, కళ్ళు తడిసేయి, ఎవరైనా చూస్తారని శాలువా అంచుతో ఒత్తుకున్నాడు. ఆ గొంతుని ఎవరు తీసుకుపోయారు తన దగ్గర్నుంచి. చెప్పెయ్యాలి. ఇంక ఆగకూడదు, చెప్పెయ్యాలి.

తులసి వచ్చి కూచుంది. "మేడం కూతురండి," అంది అడక్కుండానే.

"ఏంటంట?"

"ఎలా ఉన్నారని అడిగింది."

అంతసేపా. ఎలా ఉన్నారని అడగడానికి అంతసేపా, ఎలా ఉన్నాడో తను ఇక్కడే ఉన్నాడు కదా, వచ్చి చూసుకోమను. ఇలా అడక్కుండా చెప్పడం కూడా ఈమధ్యే మొదలెట్టింది, నేర్చుకుంది, తను అడగబోయేది ముందే చెప్పేస్తే మిగతాది దాచుకోవచ్చు. ఆవిడ అంతలో లేచి గోడ దగ్గర స్విచ్చులేవో చూసింది, కౌంటరు పిల్లతో ఏదో అంది, నెత్తి మీద ఏసీ ఆగింది. ఎదురు కుర్చీ ఆయన నిట్టూర్చేడు. వీరబాబు ఆశ్చర్యపోయాడు. ఆ తరవాత, ఇంత దయ ఇప్పుడెందుకు, లోపలికెళ్ళే ముందు ఎందుకు అనుకున్నాడు. ఇలా అనుకుంటున్నందుకు తన మీద తనకే కొంచెం అసహ్యం వేసింది, ఆ అసహ్యం కూడా ఎక్కువసేపు నిలవలేదు, ఈమధ్య ఏదీ నిలవడం లేదు, ఒక్క ఆ మాట తప్ప.

పేరు పిలిచేరు.

డాక్టరు భవానీదేవి వారానికోసారి కాకినాడ నుంచి వస్తుంది, గ్రంథుల డాక్టరు, మొన్న వచ్చినప్పుడు తన చేతి చర్మం గిల్లి చూసి, మోకాలి మీద సుత్తితో కొట్టి, అది లేచి మళ్ళీ నెమ్మదిగా కిందకి వాలడం చూస్తూ ఊఁ అని, కొత్తగా రక్తం తీయించింది. ఇవాళ దాని ఫలితం. వీరబాబు కూచున్నాడు, గొంతు సవరించుకున్నాడు, డాక్టరమ్మ గారూ అని అన్నాడు కూడా. ఆ రెండు ముక్కలూ బయటికి రావడానికి ఎంత ఆలస్యం అయ్యిందంటే ఆవిడ అప్పటికే మొదలెట్టేసింది.

"వీరబాబు గారూ, ఊళ్ళో చేసిన పరీక్షలో టీఎస్‌హెచ్ బావుందన్నారు. బానే ఉందండి. కానీ మీకు అది చూడకూడదు. టీఎస్‌హెచ్ పంపేది మీకు ఆపరేషనయిన గ్రంథే. కాలవ లాకు దగ్గర నీళ్ళ గేజీ బావుందంటే సరిపోద్దా, చివరి చేలో తడి ఉందా లేదా చూడాలి కదండి. ఆ తడిని ఫ్రీ టీ ఫోర్ అంటాం. మీకు అది బాగా అడుక్కి వెళ్ళిపోయింది."

"అంటే థైరాయిడాండి?" అంది తులసి. "మగాళ్ళకీ వస్తదాండి?"

"వస్తదమ్మా. ఈయనకి ముందు నుంచీ అంచు మీదే ఉండుంటది, బయటపడలేదు. గ్రోత్ హార్మోన్ ఇవ్వడం మొదలెట్టేక ఒళ్ళు ఆ థైరాయిడ్ సరుకుని గబగబా మార్చేసి వాడేసుకుంటది. మనలాంటివాళ్ళకైతే పైనుంచి కబురెళ్ళి మళ్ళీ తయారవుద్ది. ఈయనకి కబురంపే గ్రంథే సరిగా లేదు. అందుకని సూది మొదలయ్యేక ఇంత నీరసం, చలి, ఆ గొంతు. సూది పనిచెయ్యక కాదు. పనిచేస్తోంది కాబట్టే బయటపడింది." ఇంకో కాగితం తిప్పి చూసింది. "సూది ఒంటికి సరిగా అందుతోందా అని ఇంకో పరీక్ష కూడా చేయించేను. చక్కగా అందుతోంది. అలా ఉండాలంటే రోజూ తప్పకుండా పడాలి. ఎవరిస్తున్నారు?"

"నేనేనండి," అంది తులసి.

"చాలా శ్రద్ధగా ఇస్తున్నారమ్మా."

నీళ్ళు పొడుస్తోందండి అన్న మాట వీరబాబు నోట్లోనే ఉండిపోయింది. దాన్ని ఎటూ మింగలేక, ఎటూ ఉమ్మలేక టేబుల్ గాజు మీద తన వేళ్ళ వైపు చూస్తూ కూచున్నాడు, ఉబ్బిన వేళ్ళు, ఎవరివో వేళ్ళు. పనిచేస్తోంది కాబట్టే. మందు నిజం. ఆ చెయ్యి నిజం. ఆవిడ రోజూ పొట్ట మీద చిటికెడు చర్మం పట్టుకుని, ఊపిరి బిగబట్టకండీ, అని మెల్లగా దించిన ప్రతి సూదీ నిజం. డాక్టరమ్మా ఈవిడా కుమ్మక్కయ్యేరేమో అని ఒక్క క్షణం ఒక పురుగు తొలిచింది, మొన్నటిదాకా మొహం కూడా తెలీని ఇద్దరు కలవడం ఎలా కుదురుతుందని అదే చచ్చింది. ఎంత సిగ్గు. ఒళ్ళంతా సిగ్గు. ఇంతటి చలిలోనూ చెవులు వేడెక్కేయి. సాయంత్రం రాఘవులు బావ వస్తాడు, పెద్దలు వస్తారు, కుర్చీలు వేస్తారు, కారణం చెప్పమంటారు. ఏం కారణం చెప్పాలిప్పుడు.

డాక్టరమ్మ మాత్ర రాస్తోంది. పొద్దున్న మాత్ర మానకూడదు, ఇది పరగడుపున వేసుకోవాలి, సూది మాత్రం ఆపొద్దు, కొన్నాళ్ళకి మళ్ళీ రక్తం చూద్దాం, ఈసారి ఫ్రీ టీ ఫోరే చూడమని చెప్పండి. రాస్తూ రాస్తూ తలెత్తి అడిగింది, మామూలుగా, నిద్ర పడుతోందా అన్నట్టు. "మనసెలా ఉంటోంది? ఇది బాగా తగ్గిపోతే కొందరికి ఊరికే భయాలు, అనుమానాలు వస్తాయి. అలాంటివేమైనా?"

వీరబాబు తులసి వైపు చూడలేదు. ఆవిడే తన వైపు చూస్తోందని తెలుస్తోంది, చెంప మీద తెలుస్తోంది.

"ఆయ్, ఉన్నాయండి," అంది తులసి. "ఇంట్లో ఎవర్నీ నమ్మరండి. మందుపెట్టె మీద నా బొట్టు అతికిస్తారండి. నేను పెట్టె తీసేక అది ఊడిపోతే మళ్ళీ అక్కడే అలాగే అతికిస్తానండి, ఆయన మనసు బాధపడుతుందని. అది కూడా ఈ రోగమేనాండి? మాత్ర వేస్తే పోతాయాండి?"

"ఈ జబ్బు వల్ల వచ్చినవైతే చాలావరకు పోతాయమ్మా."

వచ్చినవైతే అన్న ఆ ముక్కని తులసి వినలేదు. లేక విన్నదో. వీరబాబు మాత్రం విన్నాడు.

బయట ఎండ మొహాన కొట్టింది, ప్రాణం లేచొచ్చింది. మందుల షాపు ముందు రేకు పందిరి కింద నిలబడ్డారు. తులసి మాత్రలు చేతి సంచిలో వేసుకుంది గానీ కదల్లేదు. ఆవిడ మొహంలో ఏదో వెలుతురు ఉంది, చాలాకాలంగా చూడని వెలుతురు, అది చూస్తే తనకి భయం వేసింది.

"అన్నయ్య నాకు నిన్ననే చెప్పేడండి," అంది. "సాయంత్రం పెద్దల్ని పిలిచేరంట కదా. నేను రాత్రే బట్టలు సర్దేసుకున్నానండి. కువైట్ వాళ్ళకి వస్తానని కూడా చెప్పేద్దామనుకున్నాను. ఇందాక ఆ పిల్ల అడిగింది అదే. సాయంత్రం చెబుతానన్నాను." ఆగింది. "ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పండి. రోగమైతే నేనెక్కడికీ పోనండి. రోగం చూసుకోడానికే వచ్చేను, ఎంతకాలమైనా చూస్తాను. రోగం కాకపోతే మాత్రం నా వల్ల కాదండి, ఓపిక అయిపోయింది. ఈ అనుమానం సూది మొదలెట్టేకే కదండి వచ్చింది? ముందు లేదు కదండి?"

వీరబాబు రోడ్డు వైపు చూశాడు. ఆటోలు పోతున్నాయి, ఒక బస్సు ఆగి రాజోలు రాజోలు అని అరుస్తోంది. గోడ చూపించు. ఇటు గోడ చూపించు. బీరువా తలుపు తియ్యి. దగ్గినదెవరు. అప్పుడు తన ఒంట్లో గడ్డ లేదు, సూది లేదు, థైరాయిడ్ నిండుగానే ఉండి ఉంటుంది, ఒంటి చేత్తో కొమ్ములు రెండూ ఎత్తేవాడు, గొంతు పట్టు బట్ట. ఆవిడ విమానం ఎక్కిన మొదటి వారం నుంచే ఉంది అది. అంతకుముందు కూడా ఉంది, పెళ్ళిలో ఎవరితోనో నవ్వి మాట్లాడిందని ఆ సాయంత్రం అన్నం తినలేదు తను. ఆవిడకి తెలీదా. ఫోను తిప్పి గోడలు చూపించిన చేతికి తెలీదా. తెలుసు. తెలిసే అడుగుతోంది. తను లేదని అంటే లేదనే అనుకోవాలని ఉండి అడుగుతోంది. ఉంది అంటే ఆవిడ నిజంగానే వెళ్ళిపోతుంది, ఈసారి మాట తప్పదు, ఆ గొంతు అలా ఉంది. ఉంది అనడమే న్యాయం. నోరు తెరిచాడు.

"లేదు," అన్నాడు. "సూది మొదలెట్టేకే."

ఆ మాట మాత్రం తడుముకోకుండా వచ్చింది.

తులసి అతని మొహంలోకి చూసింది. ఎంతసేపు చూసిందో. తరవాత ఫోను తీసి అన్నయ్యకి చేసింది. "అన్నయ్యా, సాయంత్రం రావద్దులే. పెద్దోళ్ళకి కూడా చెప్పెయ్యి. ఏం లేదు, ఆయనకి థైరాయిడంట. ఆఁ, మగోళ్ళకీ వస్తదంట. అందుకే అలా అన్నారంట." అందరికీ వినబడేలా, సిగ్గేమీ లేకుండా, మంచి కబురు చెబుతున్నట్టు చెప్పింది. ఫోను సంచిలో పడేసి, అతని స్వెట్టరు గుండీ ఒకటి ఊడి ఉంటే పెట్టింది.

"ఎన్నాళ్ళకి పోద్దో డాక్టరమ్మ సరిగా చెప్పలేదండి," అంది. "నాకు పైకి తెలీదు కదా. మీకు పోయిన రోజున నాకు చెప్పండి."

పెద్దవాళ్ళ ముందు తలొంచి అనే ఆ ఒక్క మాట పెళ్ళయినప్పట్నుంచీ భార్యతో అని ఎరగడు వీరబాబు.

"ఆయ్," అన్నాడు. "చెప్తాను."